బోర్లించిన కళ్ళజోడు

ముందు ఆ కిటికీ మూసెయ్యి తల్లీ. ఉక్కపోస్తే పోయనీ. సందు చివర బూడిదరంగు కారొకటి ఆగి ఉంది, వస్తూ చూశాను. లోపల ఇద్దరున్నారు. ఒకడు పేపరు పట్టుకున్నాడు గానీ పేజీ తిప్పడం లేదు.

మంచినీళ్ళా? వద్దమ్మా. తాగే తీరిక లేదు.

ఆ బట్టలు మడతపెట్టడం ఆపి కాస్త కూర్చోరాదూ? సరేలే, చేతిలో పని ఉంటేనే నీకు మాట చెవికెక్కుతుందంటే అలాగే కానియ్.

ఏం మనుషులమ్మా వీళ్ళు! పొద్దుటి నుంచి మా శాసనసభ కమిటీ కార్యదర్శి చుట్టూ తిరుగుతున్నాను. మా సాక్షికి కాపలా కావాలయ్యా అంటే, ఆ సాక్షి ఎవరో రాసివ్వండి అంటాడు. ఆవిడెవరో బయటికి పొక్కిందనే కదా నా గోల, మళ్ళీ కాగితమ్మీద పెట్టి పదిమంది చేతుల్లో తిప్పనా? నవ్వి ఊరుకున్నాడు.

గొంతుపెద్దాయన మాత్రం నవ్వలేదు. ఆ గొంతుకి మేం పెట్టుకున్న పేరది; అవతలి పార్టీ ఆయన, మా కమిటీలోనే ఉంటాడు. సభలో నా మీద నిప్పులు చెరుగుతాడు, గడప దాటాక అక్కయ్యా అని పిలుస్తాడు. ఆయన నన్ను వరండాలో పక్కకి పిలిచి, "అక్కయ్యా, కంపెనీ వాళ్ళు ఆ అమ్మాయి ఇల్లెక్కడని వాకబు చేస్తున్నారు. ఇవాళే దాటించెయ్యండి" అన్నాడు. అంత పెద్ద గొంతూ గుసగుసలాడింది.

అందుకే పరిగెత్తుకొచ్చాను.

ఎలా పొక్కిందంటావా? చెబుతాను. చెప్పడానికే వచ్చాను కదా.

కమిటీ ముందుకి నువ్వొచ్చిన రోజు తలుపులు వేయించాను, మైకులు ఆపించాను. మీ నీళ్ళ కంపెనీ పరీక్షగదిలో మురికి తేలిన సీసాలు పారబోయించి, వాటిల్లో శుభ్రమైన నీళ్ళు నీ చేతే నింపించారని చెప్పావు. చెప్పేముందు నన్ను ఒక్కటే అడిగావు, ఈ గది దాటదు కదండీ అని. దాటదమ్మా అన్నాను. దేవుణ్ణి తలుచుకునే అన్నాను.

మా మామగారూ ఆ బల్ల దగ్గరే ముసలివారయ్యారు. మూసిన తలుపుల సమావేశమైతే కళ్ళజోడు తీసి బల్ల మీద బోర్లించేవారు. కళ్ళజోడు లేకుండా విన్నది అక్కడే వదిలెయ్యాలని ఆయనకి గుర్తు. బయటివాళ్ళుంటే ముక్కు మీంచి దించేవారు కాదు. ఆయన పోయాక సీటుతో పాటు ఆ అలవాటూ నాకొచ్చింది. మా అత్తగారు నవ్వేవారు, ఈ ఇంట్లో నగలుండగా కోడలు చాదస్తం పట్టుకుపోయిందే అని.

ఆ గదిలోనే మరో సమావేశం జరుగుతుంది. మంచినీళ్ళ బృందమని, అన్ని పార్టీల వాళ్ళం కూర్చుంటాం. అది కమిటీ కాదు. రహస్యం లేదు, తలుపులు వెయ్యరు, ఎవరైనా వచ్చి వెనక కూర్చోవచ్చు. టీ, బిస్కెట్లు ఎవరో ఒకరు పంపుతారు. మొన్న పంపింది మీ కంపెనీయే. అదే గది, అదే బల్ల, చుట్టూ దాదాపు అవే ముఖాలు.

నాకేమో ఈమధ్యే కంట్లో శుక్లాలు తీశారు. ఇక కళ్ళజోడు అక్కర్లేదన్నారు. ఎంత మురిసిపోయానో.

ఉత్త కళ్ళతో అక్కడ కూర్చుంటే, తలుపులు వేసి ఉన్నట్టే అనిపించిందమ్మా. నీళ్ళ పరీక్షలన్నీ బాగానే వస్తున్నాయిగా అని ఎవరో అన్నారు. రాక ఏం చేస్తాయి, సీసాలు నింపిన పిల్ల మన ముందే ఏడ్చిందిగా, ఇద్దరు బిడ్డల తల్లి అన్నాను.

గొంతుపెద్దాయన గట్టిగా దగ్గాడు. వెనక వరసలో ఎవరో టీ కప్పు కింద పెట్టిన చప్పుడైంది. అప్పుడు తిరిగి చూశాను, మీ కంపెనీ మనిషి.

ఆ పరీక్షగదిలో పిల్లల తల్లివి నువ్వొక్కదానివేనట. నాకేం తెలుసు?

నేనేనమ్మా. కార్యదర్శి కాదు, ఇంకెవరూ కాదు. రేపు సభలో లేచి నిలబడి ఒప్పుకుంటాను. కుర్చీ పోతే పోనీ, దానికి కాదు నా భయం. ఆ చిన్న చొక్కా మడత మీద మడత పెడుతూనే ఉన్నావు చూడూ, అదీ నా భయం.

తిట్టు తల్లీ. తిట్టి బయల్దేరు. వెనక వీధిలో మా ఆడపడుచు కారులో ఉంది. బడి దగ్గర పిల్లల్ని ఎక్కించుకుని తన ఇంటికే తీసుకెళ్తుంది. దానికి నేనేమీ చెప్పలేదు, అదీ అడగదు.

ఉండు. తలుపు కొడుతున్నారు.

మీ ఆయనైతే పేరు పెట్టి పిలిచేవాడు కదా?

నువ్వు వెనక నుంచి వెళ్ళిపో. చెప్పులు చేత్తో పట్టుకో, చప్పుడవుతుంది. నేను తీస్తాను తలుపు. భయం లేకేం, ఉంటే ఉండనీ.

ఒక్కమాట. నువ్వెక్కడని అడిగితే ఏమనాలో నువ్వే చెప్పి వెళ్ళమ్మా. నా నోటిని ఇక నేను నమ్మను.