నెలీదాగారి హాజరు

1987 మార్చి తొమ్మిదిన మాంటెవిడియో రేవు వీధిలోని మా నాటకశాలలో ఇంటర్‌కామ్ సహాయకురాలిగా అడుగుపెట్టిన శ్రీమతి నెలీదా ఒయార్సాబాల్ గారు, ముప్పైయారు సంవత్సరాల అవిశ్రాంత సేవానంతరం ఈ జూన్ ముప్పైన పదవీ విరమణ చేస్తున్నారు.

వారు వచ్చేనాటికి అందరికీ ఒకటే లైను. దీపాలవారికిచ్చిన ఆజ్ఞ విని తాళ్లవారు తెర దించేసిన రోజులవి. దీపాలకొకటి, ధ్వనికొకటి, తెర తాళ్లకొకటి, అందరికీ ఉమ్మడిగా ఒకటి చొప్పున నాలుగు ఛానళ్లు ఏర్పరచి, ఎవరు మాట్లాడాలో, ఎవరు కేవలం వినాలో పట్టిక గీసి, మా నోళ్లకు క్రమశిక్షణ నేర్పిన ఘనత వారిదే.

1998లో విభాగాధిపతి అయ్యారు. పదోన్నతితోపాటు దక్కింది నేలమాళిగలో కిటికీ లేని గది. పైన మేమంతా ఒకే సొరబుర్రలోని మాతే ఆకు కషాయాన్ని చేతులు మార్చుకుంటూ తాగుతుంటే, కింద వారు తమ బుర్ర తామే నింపుకునేవారు. నాలుగు ఛానళ్లూ వినేవారు కనుక మా తగాదాలు, చాటుమాటు ప్రేమలు అన్నీ వారికి తెలుసు. వారి భర్త పోయిన సంగతి మాత్రం మాకు నెల తర్వాత గాని తెలియలేదు. సిగ్గుపడుతూనే ఈ మాట రాయవలసివస్తోంది.

తెర లేచే ముందు ఉమ్మడి ఛానల్లో హాజరు పిలవడం మా ఆనవాయితీ. ఆ జాబితా నెలీదాగారి పట్టిక నుంచి తీసినదే. అందులో వారు తమ పేరు రాసుకోలేదు, మేమూ అడగలేదు. వీడ్కోలు కానుకగా ఏం కావాలని రంగస్థల నిర్వాహకులు అనీబాల్ గారు అడిగితే, "గడియారాలూ గిడియారాలూ వద్దయ్యా. ఒక్కరోజు హాజరులో నన్ను కూడా పిలు, చాలు," అన్నారు.

"ఇంతేనా? మరీ చవగ్గా తేల్చేశావే నెలీదక్కా!" అని నవ్వారు అనీబాల్ గారు.

గత శనివారం, ఆఖరి ప్రదర్శనకు ముందు, అందరూ పలికాక అనీబాల్ గారు "నెలీదక్కా?" అని పిలిచారు. జవాబు లేదు. మళ్లీ పిలిచారు.

"అలిగావేంటక్కా, పలకవే!" అంటూ తాళ్లవారు వేళాకోళమాడారు.

అనీబాల్ గారు భయపడి మెట్లు దిగి పరుగెత్తారు. కింద గదిలో నెలీదాగారు మాట్లాడే బటన్ నొక్కిపట్టి, "ఉన్నాను... ఉన్నానయ్యా," అని అంటూనే ఉన్నారు. లోపమేదైనా వస్తే మెట్లెక్కి వచ్చి సరిచేసి వెళ్లడమే వారి అలవాటు కనుక, ఉమ్మడి ఛానల్లో తమ గదిని వినడానికే తప్ప మాట్లాడడానికి వారెన్నడూ కలుపుకోలేదు. ఆ సంగతి వారికే గుర్తులేదు.

శ్రీమతి నెలీదాగారికి సంపూర్ణ ఆరోగ్యం, దీర్ఘాయువు సిద్ధించాలనీ, వారు పలికితే చెవినపడేంత చేరువలో ఎల్లప్పుడూ ఒక మనిషి ఉండాలనీ, ఆ మనిషి ఇకనైనా మాలో ఒకరు కావాలనీ మనసారా కోరుకుంటున్నాము.