వియ్యంకుల నో ట్రంప్

మంచిర్యాల క్లబ్బులో బ్రిడ్జి పేకాట పోటీ అయిపోయింది. కాబోయే వియ్యంకులు విద్యాధర్, దయాకర్‌రావు జంటగా ఆడి కప్పు గెలిచారు. ఆడపిల్ల తండ్రి విద్యాధర్‌కు మాత్రం ఆ గెలుపు మింగుడుపడలేదు. వరండాలోకి రాగానే అడిగాడు.

“బావగారూ, ఆఖరి ఆటల మీరు ‘ఒక నో ట్రంప్’ అన్నరు. తురుపు లేకున్నా గెలిచేటన్ని పెద్ద ముక్కలున్నయని నాకు మాటిచ్చినట్టే గద?”

“అవు.”

“మీ చేతిల ఒక్క రాజు గుడ లేకపాయె.”

“అయితేంది? ఎదుటోళ్లకు మంచి ముక్కలుండి గుడ బెదిరి పాసన్నరు. వాళ్లకొచ్చే పెద్ద పాయింట్లు పాయె, కప్పు మనకొచ్చె.”

“గందుకే పరేషానైతుంది. మీ కొడుకు ఉజ్వల్ మందు ముట్టడని గుడ గదే గొంతుతోని చెప్పిన్రు.”

దయాకర్‌రావు కప్పును ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

“మరి నా మాట మీద మీరు ‘మూడు నో ట్రంప్’ అని ఇంకా పెంచిన్రు. మీ చేతిల ఏముండె, బావా?”

విద్యాధర్ గొంతు సవరించుకున్నాడు. “ఒక్క జాకీ.”

“మీ బిడ్డ మధులికకు కోపమే రాదంటిరి.”

 విద్యాధర్ చెయ్యి చాచి కప్పును తన చంకలోకి తీసుకున్నాడు.

“ముహూర్తం జర దగ్గరలనే పెట్టుకుందమా, బావగారూ?”