తొట్టెకి పోసిన నురగ

టీలో నురగ లేదని జమ్రీ గ్లాసుని బల్ల మీద ఠక్కున పెట్టాడు చూడండి, అప్పుడు లేచాను నేను. కుర్చీలోంచి కాదు, మాటలోకి.

"ఏమిటిది బాస్? నెల నుంచీ చూస్తున్నా. ఇదివరకు నువ్వు ఎత్తి తిరగబోస్తే గ్లాసు మీద వేలెడు నురగ నిలిచేది. ఇప్పుడు చెయ్యి నడుం దాటి లేవదు. ఒళ్లు బరువెక్కిందా? రేపట్నుంచి మేమూ ఎదురు కొట్టుకే పోతాం," టీ కొట్టు నైనా మహమ్మద్‌తో అంటున్నాడు జమ్రీ. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి, మాట్లాడినా హారన్ కొట్టినట్టే ఉంటుంది. టైర్ల కొట్టు గణేశన్ కూడా తలూపాడు. పాత గిరాకీలు ఇద్దరు అప్పటికే రోడ్డు దాటి ఎదురు కొట్టు బల్లల దగ్గర చేరారు. నైనా అటోసారి చూసి, భుజం మీద చొక్కా సర్దుకున్నాడు.

"నురగ గురించి నా ముందు మాట్లాడతావా జమ్రీ!" అన్నాను. "ఈ కంపార్ ఊళ్లో నురగంటే ఏమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. కూర్చో, చెబుతాను."

"మళ్లీ చేపల కథేనా ఫూంగ్ అంకుల్?"

"ఉత్త చేపలు కాదు, సిక్లిడ్‌లు! మా ఇంట్లో ఆరడుగుల అక్వేరియం మీరంతా చూసిందే. పక్క పట్నం ఇపోలో చేపల కొట్టువాడు నా చెయ్యి పట్టుకుని బతిమాలాడు, అంకుల్, ఒక్కో జాతికి ఒక్కో తొట్టె పెట్టండి, ఇవి సొంత అన్నదమ్ముల్నే బతకనివ్వవు అని. నేను విన్నానా? నుదుటి మీద బొప్పి ఉండే ఫ్లవర్‌హార్న్ వేశాను, దాని పక్కన నల్ల ఆస్కార్ వేశాను, వాటి మధ్య చారల చేపలు, పైన ఆఫ్రికా సరస్సులోంచి వచ్చిన పసుపు చేపలు. మొదటిరోజు చూడాలి, సంతలో ఎద్దులు తెంచుకున్నట్టే. నేనేం చేశాను? కొత్త చేప వచ్చిన ప్రతిసారీ లోపల రాళ్లన్నీ పీకేసి వేరేగా పేర్చాను. నిన్నటిదాకా ఇది నా గుమ్మం, అది నా పెరడు అని రొమ్ము విరుచుకున్నవాడికి ఇప్పుడు ఇల్లెక్కడో తెలీదు. అందరూ అద్దెకొచ్చినవాళ్లే! పైగా తొట్టె కిక్కిరిసేట్టు నింపాను. ఒకణ్ణి పట్టి తరుముదామంటే దారికి పదిమంది అడ్డం."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు గణేశన్.

"నమ్మక ఏం చేస్తావు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరిగేసరికి వరసలో నిలబడి మేత తిన్నాయి, చిన్నవి ముందు, పెద్దవి వెనక. ఫ్లవర్‌హార్న్ బొప్పి పెరిగీ పెరిగీ జమ్రీ తలంతయింది, అతని హెల్మెట్ తెచ్చి తొడిగితే బిగుతైంది. ఆఖరికి రాళ్లు మార్చే పని కూడా నాకు తప్పింది. నేను సోఫాలో కూర్చుని 'కాస్త ఎడమకి' అంటే అవే జరుపుకునేవి."

"ఏ భాషలో చెప్పేవారు అంకుల్?"

"కాంటనీస్‌లో, మా ఇంటి చైనా భాషలో. ఆఫ్రికావి కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాయనుకో. నవ్వండి, నవ్వండి. అసలు సంగతి ఇప్పుడుంది. పోయిన నెల గాలివానకి మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ పేలి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కరెంటు పోయింది కదా? తొట్టెలో గాలి మోటారు ఆగిపోయింది. కిక్కిరిసిన తొట్టె కదా, చూస్తుండగానే ఊపిరాడక అన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. ఒక్క పసుపు తల్లి చేప తప్ప. దాని నోట్లో పిల్లలున్నాయి. ఆ జాతి తల్లి గుడ్లు నోట్లోనే పొదుగుతుంది, పిల్లలు ఈదేదాకా మేత ముట్టదు. ఇప్పుడు నోరు తెరిస్తే పిల్లలు పోతాయి, తెరవకపోతే తను పోతుంది."

గ్లాసు అంచు మీద తిరుగుతున్న జమ్రీ వేలు ఆగింది.

"అప్పుడు తీశానయ్యా రెండు టీ మగ్గులు! తొట్టెలో నీళ్లు ముంచి ఇందులోంచి అందులోకి ఎత్తునుంచి తిరగబోశాను, అచ్చం టీ తిరగబోసినట్టే. నీళ్లు బారెడు సాగి, గాలిని కలుపుకుని, నురగలు కక్కుతూ తొట్టెలో పడ్డాయి. చెయ్యి ఆపితే చేపలు తేలిపోతాయి, అందుకని ఆపలేదు. బల్లెక్కి పోశాను, చాల్లేదు. మేడెక్కి పోశాను, అదీ చాల్లేదు. ఇంటి కప్పెక్కి, పెంకు తీసి, సూటిగా తొట్టెలోకి పోశాను. ధారకి ఇంద్రధనుస్సు పడింది! ఆ ధార పట్టుకుని ఫ్లవర్‌హార్న్ పైదాకా ఎగబాకి, పెంకుల మీద నా పక్కన కూర్చుని, గుండెనిండా గాలి పీల్చుకుని, మళ్లీ అలాగే జారి దిగిపోయింది. నా చేతుల వేగానికి వీధి దీపం మిణుకుమంది. కరెంటు వాళ్లు నిచ్చెన వేసుకుని వచ్చి, అంకుల్, ఇంకాసేపు పొయ్యండి, పక్క వీధికి కూడా లైను కలుపుకుంటాం అన్నారు!"

గణేశన్‌కి టీ పొలమారింది.

"అన్నిటికంటే వింత ఇంకోటుంది. ఒకరి తోక ఒకరు కొరుక్కునే ఫ్లవర్‌హార్నూ ఆస్కారూ ఆ ధార కింద చెంపకి చెంప ఆనించి నిలబడ్డాయి. నిలబడి, మధ్యలో పసుపు తల్లికి చోటిచ్చాయి."

"ఇది మరీ పచ్చి అబద్ధం," అన్నాడు జమ్రీ.

"అదొక్కటీ నిజమే," అన్నాడు నైనా. అనేసి నాలిక కరుచుకుని, పాలడబ్బా మూత కోసం వెతుక్కున్నాడు.

జమ్రీ అతని వైపు చూశాడు. తర్వాత నావైపు చూశాడు. "ఆగండాగండి అంకుల్. ట్రాన్స్‌ఫార్మర్ పేలిన రోజు మీరు ఇపో ఆసుపత్రిలో ఉన్నారు! కడుపులో రాళ్లు తీశారు. నారింజలు పట్టుకుని వచ్చింది నేనే కదా, మత్తు దిగక నన్ను పట్టుకుని డాక్టరు గారూ అన్నారు. ఇంటి కప్పెక్కడం కాదు, ఆ రోజు మీరు మంచం కూడా దిగలేదు!"

గణేశన్ బల్ల గుద్ది గుద్ది నవ్వాడు. నేను తాపీగా టీ తాగుతూ కూర్చున్నాను. నవ్వంతా అయ్యాక జమ్రీ గొంతు తగ్గించి అడిగాడు.

"మరి పోసిందెవరు?"

"నాకేం తెలుసు? నేను ఊళ్లోనే లేను కదా," అన్నాను. "మా ఆవిడ ఈ కొట్టు వెనక మా ఇంటి గోడ మీంచి ఎవర్ని కేకేసిందో, కొట్టు వదిలేసి ఎవరు పరిగెత్తుకొచ్చారో, మా వంటింటి స్టూలెక్కి సాయంత్రం దాకా చెయ్యి దించకుండా ఎవరు పోశారో నేనెలా చెప్పను? చెప్పొద్దని మా ఆవిడ చేత ఒట్టు కూడా వేయించుకున్నాడట ఆ మనిషి. టీ పోసేవాడికి భుజం దెబ్బతిందని తెలిస్తే గిరాకీ పోతుందని భయం."

నైనా చొక్కా మెడ దగ్గర మందు పట్టీ అంచు కనిపిస్తోంది. జమ్రీ దాన్నే చూస్తూ, గ్లాసందుకుని నురగ లేని ఆ టీని అడుగుదాకా తాగాడు.

"ఇంకోటి పొయ్యి బాస్. చెయ్యి లేపకు. నురగ తాగితే కడుపు నిండుతుందా ఏం?" అని, లేచి నిలబడి, రోడ్డు అవతలికి తన హారన్ మోగించాడు. "ఒరేయ్, మీరిద్దరూ! లేచి ఇటు రండి! వచ్చాక చెబుతాను!"

నైనా నా గ్లాసు తెచ్చి పెడుతూ గొణిగాడు. "ఆంటీ ఒట్టేసినా మీరు మాట తప్పారు అంకుల్."

"ఎక్కడ తప్పాను? అంతా నేనే చేశానని చెప్పాను కదా. వీళ్లు నమ్మకపోతే నా తప్పా?" అన్నాను. గ్లాసు దగ్గరికి లాక్కున్నాను. "పిల్లలు ఈదుతున్నాయి నైనా. రాళ్ల సందుల్లో పసుపు చుక్కల్లా. నువ్వూ ఆ తల్లీ ఒకటే జాతి. నోరు మూసుకునే బతికించేస్తారు. తెరిచి చెప్పడానికి నాలాంటివాడు ఒకడుండాలి."

"టీ చల్లారిపోతోంది అంకుల్," అన్నాడు నైనా. "తాగండి."