దూడంత ఎలుక

మాటలు కోటలు దాటేవాళ్లు ప్రతి వీధికీ ఒకరుంటారు. వైరు బాబాయ్ మాటలు మాత్రం కోట దాటి, అవతల నాలుగు ఊళ్లు తిరిగి, మళ్లీ టీ కొట్టుకే వచ్చి చేరతాయి. కార్ల షెడ్డులో నలభై ఏళ్లుగా వైరింగు పని ఆయనది. ఎదురుగా ఉన్న టీ కొట్టులో మొదటి గ్లాసు ఆయనదే, చివరి మాటా ఆయనదే.

ఆ పొద్దున కొట్టు ముందు లాయరమ్మ పాత స్పోర్ట్స్ కారు వచ్చి ఆగింది. రెండే సీట్లు. వాళ్ల నాన్నగారు పెళ్లి కాకముందు కొన్న బండి. మూడు నెలలు షెడ్డులో ఉండి, కొత్త రంగు వేయించుకుని, కిందటి వారమే బయటికి వెళ్లింది. నాన్నగారిని కొండ మీద ఆయన చెల్లెలింట్లో దింపి, లాయరమ్మ ఒక్కతే తిరిగొస్తోంది.

"దారంతా పొగమంచు బాబాయ్. ఒక మలుపులో బండరాళ్లు దొర్లి రోడ్డు మీద పడి ఉన్నాయి. మీరు బాగుచేసిన ఫాగ్ లైట్లే లేకపోతే ఇవాళ నేనిక్కడ నిలబడి టీ అడిగేదాన్ని కాదు. ఆ మాట చెప్పిపోదామనే ఆగాను. ఇంతకీ ఆ లైట్లకి వచ్చిన జబ్బేమిటి?"

బల్ల చివర కూర్చున్న షెడ్డు పెయింటరుకి పొలమారింది. ఆ జబ్బేమిటో తెలిసినవాళ్లు ఇద్దరే, బాబాయ్, తను. పక్కనే షెడ్డు ఓనరు కూర్చుని ఉన్నాడు. ఇప్పటికే రెండు బళ్లు చెడగొట్టావు, మూడోసారి తప్పు జరిగిందంటే రంగు కొట్టే గన్ను కింద పెట్టి వెళ్లిపో అని ఆయన పెయింటరుకి చెప్పి రెండు నెలలైనా కాలేదు.

"పెద్ద పనేం కాదమ్మా," అన్నాడు బాబాయ్, గ్లాసు పక్కన పెట్టి. ఆయన గ్లాసు పక్కన పెట్టాడంటే ఆ టీ ఇక చల్లారిపోవాల్సిందే. "స్విచ్ వేస్తే ఫాగ్ లైటు వెలగదు, దాని బదులు ఇండికేటరు గుడ్డిగా వెలుగుతుంది. ఫ్యూజు చూశాను, బాగుంది. స్విచ్ విప్పాను, బాగుంది. రిలే మార్చాను, అయినా అంతే. ఇంకొకడైతే చేతులెత్తేసేవాడు. నేనేం చేశాను, బానెట్ మీద చెవి పెట్టి కళ్లు మూసుకున్నాను. కరెంటు పారుతుంటే నాకు వినిపిస్తుందని మీకు తెలుసుగా."

"మాకు తెలీదే," అన్నాడు టీ కొట్టాయన.

"ఇప్పుడు తెలిసిందిగా. బ్యాటరీ దగ్గర బయల్దేరింది కరెంటు, వస్తోంది, వస్తోంది, గ్రిల్లు వెనక్కి వచ్చేసరికి టక్కున ఆగి, వెనక్కి పరిగెత్తి ఇండికేటర్లో దూరింది. ఎందుకు దూరింది? జడుసుకుని. ఎవర్ని చూసి జడుసుకుందో తెలుసా? ఎలుకని. వైరు కొరికేసి అక్కడే కాపురం పెట్టేసింది. ఎంత ఎలుకనుకున్నారు, పిల్లి అంత."

"కిందటి వారం చిట్టెలుక అన్నావు," అన్నాడు ఓనరు. "వారం రోజులూ ఇంట్లో పెట్టి మేపావా?"

"గ్రిల్లు వెనక చీకటి కదయ్యా, మొదట తోక కొస ఒక్కటే కనపడింది. పట్టుకుని లాగాను. అది నన్ను లాగింది. నేను వదుల్తానా? షెడ్డు చుట్టూ మూడు చుట్లు తిప్పింది. మూడో చుట్టులో వెలుతుర్లోకి వచ్చాక చూద్దును కదా, దూడంత ఉంది, మెడలో గంట ఒక్కటే తక్కువ. అప్పుడు దండం పెట్టి చెప్పాను, అమ్మా, ఒక పెద్దాయన ఈ బండిలో ఇంకొక్కసారి కొండెక్కాలని మూడు నెలలుగా కాచుకుని ఉన్నాడు, నీ కాపురం ఇంకెక్కడైనా పెట్టుకో అని. కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వైరు కలిపి స్విచ్ వేశాను. ఆ వెలుగుకి వీధి చివర కోడి రెండోసారి కూసింది. ఎదురు డాబా మీద తడిబట్టలు ఇస్త్రీ చేసినట్టు ఆరిపోయాయి. కొండ మీద మంచు నిలువునా చీలి ఇటు సగం, అటు సగం పడింది. పైన పోయే విమానం వాడు ఇదే దిగే చోటనుకుని చక్రాలు కిందికి దించేశాడు. నేను పరిగెత్తి స్విచ్ ఆపబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈపాటికి ఈ బల్ల మీదే మనతో పాటు టీ తాగుతూ ఉండేవాడు."

అందరూ పడీపడీ నవ్వారు. పెయింటరు కూడా నవ్వాడు. ఆ కోతలు విన్నప్పుడల్లా అతనికి నవ్వుతో పాటు, లేచి బాబాయ్ చేతులు పట్టుకోవాలనిపించేది. ఇప్పుడూ అనిపించింది. అయినా కదలకుండా కూర్చున్నాడు.

లాయరమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "ఒక్క సందేహం బాబాయ్. ఈ బండి వైర్లన్నీ పాతకాలంవి, పైన నూలు అల్లిక ఉంటుంది. దార్లో ఇంజన్ చల్లారడానికి ఆపినప్పుడు బానెట్ ఎత్తి చూశాను. ఎక్కడా కొరికిన గుర్తు లేదు, అతుకు లేదు, టేపు చుట్టలేదు. మరి మీ ఎలుక కొరికింది దేన్ని?"

బాబాయ్ నోరు తెరిచాడు. మాట రాలేదు. టీ కొట్టాయన చెయ్యి వడపోత మీదే ఆగిపోయింది, ఇలాంటిది ఆయన ఎన్నడూ చూడలేదు.

"అతుకు కనపడకుండా వేయడమే కదమ్మా పనితనం," అన్నాడు బాబాయ్ చివరికి, చాలా చిన్న గొంతుతో.

"అవును, అసలు ఏమైంది దానికి?" అన్నాడు ఓనరు. ఇప్పుడాయన నవ్వడం లేదు. బాబాయ్ పొయ్యి వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు, పెయింటరు వైపు మాత్రం చూడలేదు.

పెయింటరు లేచి నిలబడ్డాడు.

"ఎలుక కాదమ్మా, నేను. లైటు నుంచి వచ్చే ఎర్త్ వైరుని బాడీకి బోల్టుతో బిగిస్తారు. అక్కడ గోరంత చోటు రంగు లేకుండా ఉత్త ఇనుమే ఉండాలి. అంత అందమైన బండిలో ఆ మచ్చ ఒక్కటీ ఎందుకని దాని మీద కూడా నాలుగు పూతలు వేసి, పైన వైరు బిగించేశాను. రంగులోంచి కరెంటు పారదు కదా, అందుకే దారి మళ్లి ఇండికేటర్లో దూరింది. బాబాయ్ రెండు రోజులు బండి కింద పడుకుని ఆ తప్పు పట్టుకున్నాడు. రంగు గీకి, మళ్లీ బిగించి, నోరు మూసుకోమన్నాడు. మర్నాటి నుంచి ఈ ఎలుక కథ మొదలుపెట్టాడు. నా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఈయన చలవేనమ్మా. ఆ మాట ఇన్నాళ్లూ ఆయనతో కూడా అనలేకపోయాను."

"అది సరే," అంది లాయరమ్మ మెల్లగా. "మరి దూడంత ఎలుక ఎందుకు?"

"నేను ఒడ్డూ పొడుగూ ఉన్నవాణ్ణి కదమ్మా," అన్నాడు పెయింటరు. " చిట్టెలుక వెనక దాక్కోగలనా?"

ఓనరు గ్లాసులో మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "రేపు ఇంకో పాత బండి వస్తోంది," అన్నాడు పెయింటరుతో. "రంగు మొదలుపెట్టే ముందు ఎర్త్ పాయింట్లన్నీ బాబాయ్‌కి చూపించి, రంగు పడకుండా వాటి మీద టేపు అంటించు."

పెయింటరుకి కళ్లు నిండాయి. తల ఊపి, చల్లారిపోయిన బాబాయ్ గ్లాసు తీసి, వేడి టీ పోయించి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. బాబాయ్ ఒక గుక్క తాగి, గొంతు సవరించుకున్నాడు.

"దూడంత అన్నది కాస్త ఎక్కువే అనుకోండి," అన్నాడు. "కానీ ఎలుక మాత్రం ఉందమ్మా. ఈ అబ్బాయి మంచివాడు, పాపం దాని తప్పు తన మీద వేసుకుంటున్నాడు."