నలభై నిమిషాల దారి

అధ్యక్షత వహిస్తూ నాకంటే ముందే కళ్ళద్దాలు తుడుచుకుంటున్న హెడ్మాస్టరు గారికి, ఏడు ఊళ్ళ నుంచి పనులు మానుకుని వచ్చిన పెద్దలకు, అక్కలకు, అన్నదమ్ములకు, ముందు వరుసలో కూర్చుని "తొందరగా ముగించండి" అని సైగ చేస్తున్న మా ఆవిడకు నమస్కారం. (నవ్వులు)

కూర్చుని మాట్లాడమన్నారు. నా వల్ల కాదండీ. పొద్దున్నించి కాలు కాలిన పిల్లిలా ఈ హాల్లో తిరుగుతూనే ఉన్నాను. మైకు పెట్టినాయన "మీరు రిటైరవుతున్నారా, పారిపోతున్నారా సార్?" అని కూడా అడిగేశాడు.

మన ఉమ్మడి సంఘానికి ఇరవై ఆరేళ్ళు కార్యదర్శిగా చేశాను. బయటివాళ్ళు ముక్కున వేలేసుకునే పద్ధతి మనది. మీటింగులో ఎవరూ తమ ఊరికి ఏం కావాలో అడగకూడదు, పక్క ఊరికి ఏం కావాలో చెప్పాలి, చెప్పేముందు అక్కడికి నడిచి వెళ్ళి చూసి రావాలి. మొదటి ఏడాది, అదిగో ఆ కిటికీ పక్కన కూర్చున్న కింది ఊరి మిల్లు బాబాయ్‌ని పై ఊరి తరఫున మాట్లాడమంటే, "తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమని ఊరికే అన్నారా" అని లేచి వెళ్ళిపోయాడు. గుమ్మం దాకా వెళ్ళాక టీ తాగలేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. ఆ టీ పుణ్యమే మన సంఘం. (నవ్వులు)

ఇందాక ఇంజనీరు గారు "ఈయన రాసిందంటే రాతి మీద గీతే" అన్నారు. అప్పుడే నాకు చెమటలు పట్టాయి.

మీకు తెలుసు, రాబోయే పదేళ్ళ ప్లాను మీద ఊరికొకటి చొప్పున ఏడు సంతకాలు కావాలి. నీళ్ళ పైపులు, బస్సు, ధాన్యం గోదాము, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆరు పడ్డాయి. పై ఊరి మంత్రసాని అక్క సంతకం నెలాఖరులోపు పడకపోతే మంజూరైనదంతా వెనక్కి పోతుంది. పోయిన వారం వానలకు ముందు జీపులో వెళ్ళి అడిగితే, "అబద్ధమాడిన నోరు మళ్ళీ మా తరఫున మాట్లాడితే, కింద నేను సంతకం పెట్టాలా తమ్ముడూ?" అంది. ఆ నోరు బాబాయ్‌దని ఆవిడ నమ్మకం. పదకొండేళ్ళుగా ఆ రెండు ఊళ్ళకీ మాటల్లేవు.

మంచినీళ్ళు ఇస్తారా ఎవరైనా?

ఆస్పత్రి ఎక్కడ కట్టాలో తేల్చిన ఏడాది, బాబాయ్ వానలో పై ఊరికి నడిచి వెళ్ళి, మోకాళ్ళ దాకా బురదతో నా ముందుకొచ్చి, "వాగు పొంగితే చుట్టూ తిరిగి మూడు గంటలురా, ఆస్పత్రి పైనే ఉండాలి" అన్నాడు. సరిచూసి రావాల్సింది నేను. వెళ్ళలేదు. జ్వరం కాదు, మరో పని కాదు, ఒట్టి బద్ధకం. ఎండాకాలంలో జీపులో వెళ్ళినప్పుడు పట్టింది గుర్తుపెట్టుకుని, పెద్దాయన ఆయాసం కొద్దీ ఎక్కువ చెప్పాడులే అనుకుని, నలభై నిమిషాలని, అదీ ఆయనే చెప్పిన మాటగా, నివేదికలో రాసేశాను. ఆస్పత్రి కింది ఊళ్ళో కట్టారు. బాబాయ్ తన ఊరికి లాక్కున్నాడన్నారు. "నేనలా చెప్పలేదర్రా" అని ఆయన మొత్తుకుంటుంటే, ఈ హాల్లోనే, నేను నోరు కుట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాతి వానాకాలాల్లో ఎంతమంది నిండు నెలల ఆడపిల్లల్ని మంచాల మీద మోసుకొచ్చారో అక్కకి తెలుసు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది. సిగ్గుగా ఉందండీ.

హెడ్మాస్టరు గారూ, గంట కొట్టకండి, అయిపోవచ్చింది. బాబాయ్, తిట్టాలనుంటే లేచి తిట్టు, మైకు ఇస్తాను. మా ఆవిడక్కూడా ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది, ఆవిడ తిట్లు ఇంటి దగ్గర ఎలాగూ ఉన్నాయి.

అక్కా, నువ్వు సంతకం పెట్టకపోవడమే మంచిదైంది. పాత నివేదిక చూసి కొత్త ప్లానులోనూ ఆ నలభై నిమిషాలే ఎక్కించారు. ఎక్కించిందీ నేనే. ఇవాళ పొద్దున దాన్ని కొట్టేసి అక్కడ ఖాళీ వదిలాను. నాలుగు రోజులుగా వానలు, వాగు పొంగే ఉంటుంది. రేపు తెల్లారగానే కొలవడానికి పై ఊరికి నడుస్తాను. కొలిచాక ఏం రాయాలో నువ్వు చెప్పు, సంతకం సంగతి ఆ తర్వాత.

ఇంతకాలం నన్ను నమ్మినందుకు, ఇంతసేపు విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. బాబాయ్, చుట్టుదారి నాకు తెలీదు, ఎప్పుడూ నడవలేదు. నువ్వు ముందు నడిస్తే నీ వెనకే వస్తాను. సెలవు.