వజూ చేసుకుని మళ్ళీ పడుకో

ఈ సభకు పెద్దదిక్కుగా కూర్చున్న పెద్ద డాక్టరుగారికి సలాం. వేదిక మీది పెద్దలకు, నా కూతురితో కలిసి వార్డుల్లో చెప్పులరిగేలా తిరిగిన సిస్టరమ్మలకు, ఆయమ్మలకు, వెనక బల్లల మీద సర్దుకు కూర్చున్న చుట్టాలకు పేరుపేరునా నమస్కారాలు. నేను పరుపులు కుట్టి బతికినవాణ్ణి, చదువు అంతంతమాత్రం. మైకు ముందు నిలబడటం ఇదే మొదలు. మాటల మధ్య ఎక్కడైనా దారం తెగితే మీరే ముడివేసుకోండి. (నవ్వులు)

పిల్లల వార్డు హెడ్ సిస్టరుగా నా పెద్దకూతురు నిన్న సాయంత్రం ఆఖరి డ్యూటీ దిగింది. ఈ పూట ఆ పూలదండలో దాని ముఖం చూస్తుంటే నా కడుపు నిండిపోతోంది. ఇంత సంతోషాన్ని ఈ ముసలి గుండెలో ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మీ మీద గుమ్మరిస్తున్నాను, కాస్త భరించండి.

అయితే ఒక మాట. మొన్న బట్టలు మడతపెడుతూ నాతో అంది, నాన్నను మేం అబ్బా అంటాం: "అబ్బా, ఇన్నేళ్ళూ డ్యూటీ ఉంది కాబట్టి లేచాను. లేచాను కాబట్టి తెల్లవారుజామున ఫజర్ నమాజు చేశాను, వండాను, ఉతికాను, మనుషుల్లో తిరిగాను. ఇకమీదట నన్ను లేపేదెవరు? మళ్ళీ ఆ గోడవైపు తిరిగి పడుకుండిపోతానేమో!" అప్పుడు నాకు జవాబు తోచలేదు. ఇవాళ తోచింది. అది చెప్పడానికే మైకు అడిగి మరీ తీసుకున్నాను. కానీ ఆ గోడ సంగతి తెలిస్తేగానీ నా జవాబు మీకు అర్థం కాదు.

అది మా అల్లుడు చనిపోయిన ఏడాది. నా కూతురు మంచమెక్కి గోడవైపు తిరిగింది. తల దువ్వుకోదు, పొయ్యి వెలిగించదు, ఆస్పత్రికి వెళ్ళదు. పసితనం నుంచి వదలని నమాజు కూడా వదిలేసింది. వచ్చినవాళ్ళంతా మంచి మాటలే చెప్పారు, "ఇట్లా ఉంటే అల్లా మెచ్చుతాడా?" అని మందలించారు కూడా. వాళ్ళు వెళ్ళగానే అది గోడకు ఇంకాస్త దగ్గరగా జరిగేది.

నాకు బోధలు చేయడం రాదు. పరుపు ముందు కూర్చున్నప్పుడు పరుపంతా చూస్తే చెయ్యి ఆడదు, సూది దిగాల్సిన చోటు ఒక్కటే చూడాలి. నాకు తెలిసిందల్లా అంతే. అందుకని మంచం పక్కన కూర్చుని, "వజూ చేసుకుందాం రా" అన్నాను. నమాజుకు ముందు చేతులూ ముఖమూ కాళ్ళూ కడుక్కుంటామే, అది.

"నమాజు నావల్ల కాదబ్బా."

"నమాజు ఎవరు చెయ్యమన్నారు? వజూ చేసుకుని మళ్ళీ పడుకో."

"పడుకోవడానికి వజూ ఎందుకు?"

"నీళ్ళు తోడేశాను. పారబొయ్యమంటావా?"

గొణుక్కుంటూ లేచింది, కడుక్కుంది, పడుకుంది. మర్నాడూ అంతే. అట్లా చాలా రోజులు నడిచింది. ఒకరోజు తడికాళ్ళతో అట్లాగే నిలబడి, "ఎట్లాగూ ఇంతదాకా వచ్చాను, ఆ చాప ఇటివ్వు" అంది. నమాజు చాప చేతికిచ్చి పెరట్లోకి వెళ్ళిపోయాను. అక్కడ నేనేం చేశానో ఇప్పుడు చెబితే మళ్ళీ అదే చేస్తాను.

అసలు తమాషా ఆ తర్వాతే. ఒంట్లోకి ఓపిక రాగానే, తప్పిపోయిన నమాజులన్నీ ఒక్కరోజులో తిరిగి చేసేస్తానని చాప మీద కూర్చుంది. మధ్యమధ్యలో లేచి ఇంట్లో ఉన్న కిటికీ తెరలన్నీ నానబెట్టింది, సామానంతా ముంగిట్లోకి ఈడ్చింది. సాయంత్రానికి నడుం పట్టేసింది. మర్నాడు మళ్ళీ గోడవైపే! ఆ తెరలు పిండిందెవరనుకున్నారు? నేనే. (నవ్వులు) "చూశావా, నావల్ల కాదని చెప్పానా?" అంది. నాకు ఒళ్ళు మండి, "ఏం సిస్టరమ్మా, మీ వార్డులో జ్వరం పిల్లలకు వారం మాత్రలన్నీ ఒకే పూట మింగిస్తారా?" అన్నాను. ముఖం మీది దుప్పటి తీసి నా వంక చూసి, "మింగిస్తే ఉద్యోగం ఊడుతుందబ్బా" అని ఫక్కున నవ్వింది. ఇంతకాలానికి ఆ ఇంట్లోంచి శబ్దం వచ్చేసరికి పొరుగావిడ ఏడుపనుకుని పరిగెత్తుకొచ్చింది.

అప్పట్నుంచి ప్రతి పూటా ఆ పూట నమాజు, దాంతోపాటు తప్పిపోయినది ఒకటి. ఇంటి పనిలో రోజుకో తెర. అట్లా కొంచెం కొంచెంగానే మీ దగ్గరికీ తిరిగొచ్చింది. వార్డులో దుప్పట్ల గదిలో ఓ మూల దాని నమాజు చోటు. ఏం ఆయమ్మా, మూడో వరుసలో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నావు? "నీ నమాజు వేళైంది, పో సిస్టరమ్మా, ఈ బుడ్డోడి సెలైను నే చూస్తాలే" అని తరిమింది నువ్వే కదా! ఇక మన పెద్ద డాక్టరుగారు ఓసారి ఆ గది తలుపు తీసి, సజ్దాలో నేలకు నుదురానించి ఉన్న నా కూతుర్ని చూసి, కళ్ళు తిరిగి పడిపోయిందనుకుని స్ట్రెచర్ తెమ్మని కేకేశారట. అది నమాజు ముగించి తల తిప్పేసరికి గుమ్మంలో స్ట్రెచర్ సిద్ధం! (పెద్దగా నవ్వులు) అయ్యా, ఆ కంగారులో ఉన్న ప్రేమకు మీకు దణ్ణం.

ఇక నా జవాబు. అమ్మా, ఇటు చూడు. నిన్నటితో నీ డ్యూటీ అయిపోయింది. ఇవాళ నువ్వు ఎన్నింటికి లేచినా అడిగేవాళ్ళు లేరు. తెల్లవారుజామున మసీదు అజాన్ విని నేను కళ్ళు తెరిచేసరికి నీ గదిలో దీపం వెలుగుతోంది. గుమ్మం దాకా వచ్చి చూశాను. దువాకు చేతులెత్తి కూర్చున్నావు, నన్ను చూడలేదు. తర్వాత పాలు కాచావు, నా ఈ చొక్కాకు ఊడిన గుండీ కుట్టావు, ఆవలిస్తూ ఆవలిస్తూనే ఇస్త్రీ చేశావు. ఆస్పత్రి పిలవలేదు, బస్సు తొందర లేదు, నేనూ లేపలేదు. ఏ రోజు వస్తుందని భయపడ్డావో ఆ రోజు వచ్చింది తల్లీ, వచ్చి సగం గడిచిపోయింది కూడా. నువ్వు గమనించనే లేదు!

నా బిడ్డను ఇన్నేళ్ళు మీ ఇంటి మనిషిలా చూసుకున్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఇంకా చాలా చెప్పాలనే ఉంది. కానీ అదిగో, కళ్ళు తుడుచుకుంటూనే గడియారం వైపు చూస్తోంది, మధ్యాహ్నపు జుహర్ నమాజు వేళైంది. ఇక దాన్ని ఇక్కడ ఆపితే బాగుండదు.

సెలవు.