నువ్వు కొట్టిననాడు చెప్దామని

మళ్ల జారినవా? రోజూ గిదే కత నీతోని. అటు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిల బ్లాస్టింగ్ అయితది, ఇటు మా గోడ అదురుతది, మొల వదులైతది, నువ్వు ఒక దిక్కు ఒరుగుతవు. ఆగు, జెర్ర కదలకుండ ఉండు. అయినా నువ్వు కదులుడేంది, ఫ్లెక్సీవైతివి.

మూతి సూడు ఎట్లున్నదో. పొద్దుగాల్నే తుడిచిన. మళ్ల పండ్ల నిండ బొగ్గు దుమ్ము. దేశమంత నీకు చప్పట్లు కొడ్తది గని సాయితేజా, నీ పండ్లు తోమేది మాత్రం గోదావరిఖనిల ఉన్న ఈ సంధ్యారాణే.

ఏంది, పేరు పెట్టి పిలిస్తె కోపమా? సరె, తమ్మి అంట. ఇండియా టీముల ఆడేటోనివి, ఇరవై ఓవర్ల ఆటల అందరికంటె ముందుగాల బ్యాటు పట్టుకొని దిగేటోనివి. మా ఇంటాయన ఉపేందర్‌కు నువ్వు సొంత తమ్ముని కంటె ఎక్కువ. ఆ లెక్కన నాకు మరిదివి కావాలె. గని నాకైతె సవతి లెక్కనే ఉన్నవు.

నవ్వకు. నీకేంది, ఎప్పుడూ అదే నవ్వు.

ఈ ఫ్లెక్సీ ఎట్లొచ్చిందో ఎరుకేనా? నీ పుట్టినరోజుకు చౌరస్తల కట్టిచ్చిండు మీ అన్న. నువ్వేమో ఇంత పొడుగు, బ్యాటు పైకెత్తి. కింద మూలకు గుండ్రంగ ఆయన ఫోటో, నల్లద్దాలు పెట్టుకొని. "శుభాకాంక్షలతో మీ ఉపేందర్" అట. పెండ్లయినకాడికెళ్లి నాకొక్కనాడన్న మీ ఉపేందర్ అన్నడా? నాలుగొద్దులకు మున్సిపాలిటోళ్లు పీకేస్తుంటె ఉరికి పోయి నిన్ను ఇంటికి మోసుకొచ్చిండు. ఈ గోడకు ఒక్కటే గట్టి మొల. దానికి మా పెండ్లి ఫోటో ఉండె. అదిప్పుడు బీరువ మీద బోర్ల పండుకున్నది.

పక్కింటి లలితాంబక్కకు చెప్పుకున్న. ఆమెది కోస్తా దిక్కు. "తాగడు, తిరగడు, క్రికెట్టే కదమ్మా, పోనిద్దూ" అన్నది. పోనిద్దూ అట. ఆమె మొగడు సత్తిబాబు టీవీ ముంగట కూసుంటె మూడో ఓవర్‌కు గురక పెట్టే మనిషి, ఆమెకేం తెలుస్తది?

ఇంకో ఆడిదుంటె పోయి జుట్టు పట్టుకుందును తమ్మి. నీ జుట్టు పట్టుకుందామంటె హెల్మెట్ ఒకటి.

కుళ్లుకుంటున్ననా అంటవా? కుళ్లుకుంటున్న. దాసుకునుడెందుకు?

ఎండకాలంల నీ వేలికి బాలు తగిలింది, యాదికున్నదా? ఆయనకు యాదికున్నది. ఏ వేలు, ఎన్ని కుట్లు, ఏ దవాఖాన, అన్నీ. ఆ పొద్దు బువ్వ ముట్టలె. టవల్ మొకం మీద ఏసుకొని పండుకున్నడు. ఏందని గుంజి సూస్తె కండ్లల్ల నీళ్లు. మంగళవారం కొండగట్టుకు పోయి నీ పేరు మీద కొబ్బరికాయ కొట్టొచ్చిండు.

అదే నెలల గంజి వంపంగ నా కాలు మీద పడ్డది. నేను వంటింట్లకెళ్లి మొత్తుకుంటె ఆయన యాడ్ వచ్చేదాక ఆగిండు. యాడ్ రాంగనె వచ్చి సూసి, నీళ్లు పొయ్యి అన్నడు, మళ్ల పోయి కూసున్నడు. బొబ్బలు మానేదాక ఎట్లున్నది అని ఒక్కమాట అడిగితె ఒట్టు.

నీ తొడ నరం ఏ మ్యాచుల పట్టేసిందో నిద్రల లేపినా చెప్తడు. నా పుట్టినరోజు ఎప్పుడని అడిగితె ఆధార్ కార్డు దేవులాడిండు. నీ లెక్కనే గడ్డం కత్తిరిచ్చుకుంటడు. నీకు మంచిగుంటది. ఆయనకు మొకం కడగనట్టుంటది.

ఇంకొకటి సూడు. పోయిన ఏడు కప్పు గెల్సిననాడు మైకు పట్టుకొని ఏమన్నవు? అంత నా భార్య వల్లనే అన్నవట. ఆమె కుర్చీలల్ల కూసొని కండ్లు తుడుసుకుంటున్నదట. మీ అన్న నన్ను పిలిచి మరీ చెప్పిండు, "పెండ్లాన్ని ఎట్ల సూసుకుంటడో సూడు, అదీ మనిషంటె" అని. ఆ మాట అనుకుంట ఖాళీ చాయ్ గ్లాసు నా చేతికిచ్చిండు.

ఆ పొద్దు నీ మీదనే కాదు, నీ పెండ్లాం మీద కూడ కడుపు మండింది.

ఇగ వంటింటి ముచ్చట. నువ్వు మొదటిసారి తొంభై దాటిననాడు నేను లోపల జొన్నరొట్టెలు చేస్తున్న. నా చేతి చప్పుడు టపటప అయితున్నదట, నువ్వు సిక్సుల మీద సిక్సులు కొడ్తున్నవట. గంతే, మీ అన్న తలకాయల పడ్డది, నేను వంటింట్ల ఉండి రొట్టెలు చేస్తెనె నువ్వు ఆడ్తవని. ఒకసారి మంచినీళ్లియ్య బయటికొచ్చిన. గప్పుడే నువ్వు బౌల్డు. గ్లాసు నా చేతులనె ఉన్నది. ఆయన నా దిక్కు సూసిన సూపు సూడాలె, నేనే పోయి నీ వికెట్లు కూలగొట్టినట్టు.

అప్పటికెళ్లి నువ్వు దిగంగనె నేను లోపలికి. ఆకలున్నా లేకున్నా రొట్టె చేసుడే. మిగిలినయి లలితాంబక్క ఇంటికి. ఆమెకు షుగర్ ఉన్నది, నువ్వు ఎంతసేపు ఆడితె ఆమెకు అంత సంబురం.

నిజం చెప్పాల్నా? నువ్వు బ్యాటింగ్ చేస్తుంటె నేను మళ్ల సూడనే లేదు. ఇన్నేండ్లల్ల ఒక్క బాలు సూడలె. నాకు నువ్వంటె గోడ అవుతలికెళ్లి వచ్చే చప్పుడే. ఫోరైతె ఆయన తొడ సరుస్తడు. సిక్సరైతె కుర్చీ ఎనుకకు జరుగుతది. అవుటైతె ఏ చప్పుడుండది, టీవీ కూడ బందైతది.

ఆ చప్పుడు లేకపోవుడే నాకు భయం. నువ్వు జల్ది అవుటైతె మీ అన్న రెండొద్దులు నోరు తెరువడు. కొట్టిననాడు మాత్రం వేరే మనిషి. పక్కన కూసోమంటడు, టిప్పర్ల ముచ్చట్లు చెప్తడు, నేనేం చెప్పినా ఊ అంటడు. ఆ ఒక్క గంట కోసమే నీ మూతి తుడుసుకుంట ఈ గోడ కాడ నిలబడుతున్న.

ఇప్పుడు నాకు ఆ గంట కావాలె తమ్మి. ఆయనకు ఒక మాట చెప్పేదున్నది.

మా బాపు కొమురెల్లి వయసంత బొగ్గుబాయిలనే గడిచింది. ఇప్పుడు నాలుగడుగులు ఏస్తె ఆయాసం. డాక్టర్లు అన్‌ఫిట్ అని తేల్చిండ్రు. మా దిక్కు అట్లయితె బొగ్గు కంపెనీ ఆ ఇంట్ల ఒక్కలకు కొలువిస్తది. కొడుకుకో, బిడ్డకో, అల్లునికో, బాపు ఎవరి పేరు చెప్తె వాళ్లకు. బాపుకు కొడుకులు లేరు, నేనొక్కదాన్నే. అంటె కొలువు అల్లునిదే అని అందరు అనుకున్నరు.

మీ అన్న ప్రైవేటు కాంట్రాక్టోళ్ల కింద మట్టి టిప్పర్ నడుపుతడు. ఎన్నడు ఉంచుతరో ఎన్నడు తీసేస్తరో తెల్వని పని. పెండ్లయినకాడికెళ్లి ఈ కొలువు కోసమే సూస్తుండు. చాయ్ హోటల్ల దోస్తులు అప్పుడే "పర్మినెంట్ ఉపేందరన్న" అని పిలుస్తుండ్రు. డ్యూటీకని నల్లబూట్లు కూడ కొనుక్కున్నడు. మంచం కింద డబ్బల ఉన్నయి. అప్పుడప్పుడు తీసి తుడిచి మళ్ల పెడ్తడు.

బాపు నా పేరు చెప్పిండు.

ఆయన పేరు కాదు, నా పేరు. ఎల్లుండి పొద్దుగాల నన్ను ఆఫీసుకు రమ్మన్నరు. ల్యాంపు రూముల పని ఉండొచ్చునట, బాయిలకు దిగేటోళ్లకు లైట్లిచ్చుడు. "నువ్వే చెప్పుకో బిడ్డా, అల్లుని మొకం సూసి నేను చెప్పలేను" అన్నడు బాపు.

అందుకే, నువ్వు కొట్టిననాడు చెప్దామని కూసున్న. మొదటి మ్యాచుకు తలకు పోసుకొని, మంచి చీర కట్టుకొని తయారుగున్న. నువ్వేం చేసినవు? మొదటి బాలుకే క్యాచిచ్చి వచ్చినవు. పెనం మీద రొట్టె ఇంక తిరగెయ్యనే లేదు. రెండోదాంట్ల రనౌట్. అవతలోడు వద్దు వద్దు అని చెయ్యి ఊపుతుంటె ఉరికినవట, అంత తొందరేందయ్యా? మూడోసారి ఇరవై దాక వచ్చినవు, కుర్చీ రెండుసార్లు జరిగింది, చెయ్యి కడుక్కొని కొంగుకు తుడుసుకుంటున్న, బయట ఏ చప్పుడు లేదు.

నీకేంది? తల ఊపుకుంట పోతవు, ఏసీ బస్సెక్కుతవు, మళ్ల ఇంకో మ్యాచ్. నాకు మ్యాచులు అయిపోయినయి. ఎల్లుండి లోపల ఇయ్యాల్టిదే ఆఖరుది.

నీకు ఇంకో మాట చెప్తె గర్వం పెరుగుతది, అయినా చెప్త. నువ్వు రనౌటైన తెల్లారి సత్తిబాబు వచ్చి కూసున్నడు. సాయితేజను తీసేసి జగదీశ్వర్‌ను దింపాలండీ, పాపం ఎన్నాళ్లని బెంచీ మీద కూర్చోబెడతారు అన్నడు. రెండొద్దులు మాట్లాడనోడు, మీ అన్న, అప్పుడు నోరు తెరిచిండు. "ఎదురుసూసినోనికల్ల ఇస్తె అది టీము అయితదా? ఎవరితోని అయితదో వాళ్లకియ్యాలె" అన్నడు.

నేను తలుపు సాటుకు ఉన్న. ఆ మాట మూట గట్టుకొని దాసుకున్న. నేను డిగ్రీ పాసైనదాన్ని తమ్మి, ఆయన పదో తరగతి. నాతోని కూడ అయితది. గని నీ గురించి అన్న మాట నా గురించి అంటడా? అనడు. నాకెరుకే.

ఇంకొకటున్నది. అది లలితాంబక్కకు కూడ చెప్పలె.

నీ వేలు మంచిగై మళ్ల టీములకు తీసుకున్నరని టీవీల వచ్చిననాడు మీ అన్న గల్లికి మిఠాయి తెచ్చిండు. నా కాలుకు ఇంక బట్ట కట్టే ఉన్నది. డబ్బ నా చేతిల పెట్టి, ఇంటింటికి ఇచ్చిరా అన్నడు. కుంటుకుంట పంచిన. ఒక్కలొక్కలు నీ వేలు ఎట్లున్నదని నన్నడిగిండ్రు. నా కాలు ఎవరికీ కనవడలె. పంచుడైనంక ఖాళీ డబ్బ గీ అరుగు మీద పెట్టి, ఆటో ఎక్కి సెంటినరీ కాలనీల బాపు క్వార్టర్‌కు పోయిన.

"బాపు, కొలువు నాకియ్యి" అన్న.

మా అవ్వ ఐలవ్వ చాట చేతుల పట్టుకొని అట్లనే నిలబడ్డది. బాపు మంచం మీద లేచి కూసున్నడు. అల్లునితోని పంచాయితీ అయిందా అని అడిగిండు. లేదన్న. నా పంచాయితీ టీవీల ఆడే ఒక పోరనితోని అని ఎట్ల చెప్త?

అవును, బాపు తనంతట తాను చెప్పలె. నేనే అడిగిన. జీతం కోసమంటె నమ్ముతరు, గని అందుకు కాదు. నేను డ్యూటీ దిగి వస్తుంటె ఒకలు గేటు కాడ నిలబడి నా కోసం సూడాలె. షిఫ్టు ఎట్లయింది, కాలు నొస్తున్నదా అని అడగాలె. నిన్ను సూసినట్టు ఒక్కసారి నన్ను సూడాలె. ఆ బూట్లు డబ్బలనె ఉండిపోతయని తెలిసి అడిగిన. పాపమనిపించింది, అయినా అడిగిన.

ఇప్పుడు భయమైతున్నది. సూసుడు మాట దేవుడెరుగు, ఉన్న ఆ గంట కూడ పోతదేమో.

ఇగో, బండి చప్పుడు. మీ అన్నే. బ్రేక్ కిర్రుమంటది, అదే గుర్తు. నిన్ను సక్కగ కడ్త, ఆగు. ఒరిగి ఉన్నవంటె ముందుగాల నీ దిక్కే సూసి ఫికర్ పడ్తడు.

పిండి కలిపి పెట్టిన. గని ఇయ్యాల నువ్వు దిగినప్పుడు వంటింట్లకు పోను తమ్మి. ఆయన పక్కన కుర్చీ ఏసుకొని కూసుంట. నువ్వు ఎట్ల ఆడ్తవో నా కండ్లతోని సూస్త. నువ్వు ఆడుతుండంగనె చెప్త, యాడ్ వచ్చేదాక ఆగ.

మూలకున్న నల్లద్దాలాయనా, నువ్వు కూడ వినరాదు. కొలువు నాకొచ్చింది. నేనే అడిగిన. సూసినవా, గింతే మాట. ఫోటోకు చెప్పుడు అల్కగనే ఉన్నది.

సాయితేజా, మనసుంటె కొట్టు, లేకుంటె లేదు. నువ్వు అవుటైతె నేను బయటికొచ్చి కూసుండుడు వల్లనే అంటడు. అననీ. ఎట్లన్న తిట్లు పడేటియే ఉన్నయి, రెండు తప్పుల తిట్లూ ఒక్క పొద్దుల్నే అయిపోతయి.